ఆయి ఒంటి మీది మబ్బులు

రాండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. చాప మీద తావు లేకుంటె గడప మీద కూసోండ్రి. ఆ ఫ్యాను బంద్ చేయుండ్రి, దాని కిర్రు కిర్రుల నా మాట ఇనవడది. చెమట పడ్తె పడనీ, ఇది చెమటల కూసోని ఇనవలసిన ముచ్చటనే. ఒక్కటి ముందుగాల్నే చెప్తున్న, ఎప్పటి లెక్క నవ్విచ్చే కథ కాదిది. ఇయ్యాల నాకు మస్తు కోపమున్నది.

ఏమైందంటె, నిన్న చక్కెరకని మన సందు మలుపు దుకాణానికి పోయిన. మిరుగు కార్తె దాటి ఇరవై దినాలాయె, చుక్క పడలే. మన ఖేడ్ బస్తీల ఎవ్వలిని చూసినా మొగులు దిక్కే మొఖం. దుకాణం ముందట నలుగురు మొగోళ్లు నిలవడ్డరు. ఒకడు ఫోన్ తీసి వాన ఎప్పుడొస్తదో చూస్తుండు. ఇంకొకడు అంటుండు గదా, "గా ఫోన్‌ల ఏం చూస్తవ్‌రా? మన సందుల బట్టలు కుట్టే పిల్ల లేదా, దాని తల్లి ఎండకాలంల సచ్చింది. చేతుల నిండ బొల్లి మచ్చలు. కాలవెట్టలే, బొంద వెట్టిండ్రు. బొల్లి పీనుగ మట్టిల ఉంటె వాన ఎట్ల పడ్తది? ఎనకట మనూర్ దిక్కు ఒక ఊర్ల గిట్లనే ఒక ముసలిదాన్ని తవ్వి కాలవెట్టిండ్రట. తొమ్మిది దినాలల్ల వాగులు పొర్లినయట. మా తాత కండ్లార చూసిండు."

ఆ తవ్వి కాలవెట్టిండ్రన్న ముసలిది మా ఆయి.

చక్కెర తీసుకోకుండనే మర్రి వచ్చిన. సప్పటి చాయ్ తాగిన.

ఆయి అంటె మా బాపు తల్లి. మాది ఇంట్ల కన్నడం, బయట తెలుగు. ఎప్పుడో పెద్దలు బీదర్ దిక్కు నుంచి వచ్చి మనూర్ దిక్కు ఊర్ల నాలుగెకరాల చెలక కొనుక్కోని నిలవడ్డరు. లింగం కట్టుకునేటోళ్లం. మా ఇండ్లల్ల సచ్చినోళ్లను కాలవెట్టరు. తానం పోసి, ఈబూది పూసి, బతికున్నప్పుడు పూజకు కూసున్నట్టు సక్లముక్లం కూసోవెట్టి మట్టి కప్పుతరు. ఇది యాది పెట్టుకోండ్రి, ఈ ముచ్చటంతా దీని మీదనే నడుస్తది.

ఎనకటి ఎండకాలాలు మంచియి అని నా ముందట ఎవ్వలన్నా అంటె నాకు ఒళ్లు మండుతది. ఎండ అప్పుడూ అదే ఎండ. కాళ్లకు చెప్పుల్లేకుండె, గంతే తేడా. బండల మీద నడవాలంటె ఒక నీడ కాడికెళ్లి ఇంకొక నీడ కాడికి ఉరుకుడే. మంచిదంటె మా ఆయి చెయ్యి మంచిది. ఆమె చేతి శావిగె మంచిది.

ఎండకాలం వచ్చిందంటె ఆయి గోధుమ పిండి తడిపి, సన్నగ దారం లెక్క సాగదీసి, వాకిట్ల రెండు మంచాల నడుమ కట్టె పెట్టి దాని మీద ఆరేసేది. దాన్నే శావిగె అంటం మేం. వానాకాలం పండుగలకు పాలు బెల్లం పోసి వండుతరు. గని వానాకాలం దాంక ఆగేది ఎవలు? ఎండిన కొసలు పుటుక్కున ఇరుసుకోని పచ్చియే నమిలేదాన్ని.

"ఎవలు తిన్నరే కొసలు?" అని ఆయి లోపటికెళ్లి అడిగేది.

"పిట్ట తిన్నది ఆయి."

"ఆ పిట్టకు రెండు జడలున్నయా?"

నా పావడ కొసకు ఉల్లిగడ్డ కట్టి బయటికి తోలేది. ఉల్లిగడ్డ ఎంట ఉంటె ఎండదెబ్బ తాకదని. నేను ఈత చెట్ల దిక్కు ఆడుకోవొయ్యి, పగటీలి అయ్యెటాలకు ఆకలై, ఎవలింట్లనో రొట్టె ముక్క అడుక్కోని ఆ ఉల్లిగడ్డతోని తినేదాన్ని. ఇంటికొస్తె ఆయి పావడ కొస పట్టి చూసేది. "మందు తిని వచ్చినవా? ఇగ ఎండదెబ్బ నీ కడుపుల కొట్టాలె" అనేది. అని, సల్ల కుండ మీది తడిగుడ్డ తీసి, జొన్న అంబలిల సల్ల పోసి, ఉప్పు గల్లు ఏసి, తన యేలుతోనే కలిపి ఇచ్చేది. ఆ యేలికి తంబాకు వాసన ఉండేది. నాకు గిప్పటికీ సల్ల తాగితె తంబాకు వాసన లేదేందని అనిపిస్తది.

ఒక్కటే నాకు సమజ్ కాకపోయేది. అంత ఎండల గూడ ఆయి మోచేతుల కిందికి దిగే రైక తొడుగుతుండె. మెడ దాంక కొంగు. ఊర్ల ముసలోళ్లందరు రైకలే లేకుండ తిరుగుతుంటె ఈమె గట్ల మూటగట్టుకోని ఉండేది.

సోమారం సోమారం తలుపు పెట్టి తానం చేసేది. ఈపు రుద్దుడు నా పని. అప్పుడు చూసిన. ఈపు మీద, పొట్ట మీద, భుజాల మీద తెల్ల తెల్ల మచ్చలు. ఆవు పాల రంగు. ఒకటి కుందేలు లెక్క, ఒకటి పెద్దది, కొసలు చెదిరినట్టు. ఏంది ఆయి ఇవి అని అడిగిన.

ఆమె చేతుల చెంబు కింద పెట్టింది. ఇంక, "మోడ మగా, మోడ" అన్నది. మోడ అంటె కన్నడంల మబ్బు. "మబ్బులు బిడ్డా. వానాకాలానికని దాచిపెట్టిన. ఎవ్వలికి చెప్పకు, చెప్తె ఎగిరి పోతయి."

నేను మబ్బుల మీద నీళ్లు పోసుకుంట రుద్దేదాన్ని. ఏ సోమారం ఏ మబ్బు ఏడికి జరిగిందో చూసేదాన్ని. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. మా ఆయి లాంటి ఆయి ఊర్ల ఎవ్వలికి లేదని నాకు గర్వం.

ఆ ఏడు శివరాత్రి పోయినంక నాలుగు దినాలకు ఆయి పాణం పోయింది. దవాఖాన గివాఖాన ఏం లేదు, పొద్దుగాల లేవలే గంతే. అమ్మ తలుపు పెట్టి తానే తానం పోసింది. ఈబూది పూసింది, మెడ దాంక చీర కప్పింది. ఎవ్వలు చూల్లే. మా చెలక గట్టున రేగు చెట్టు పక్కన కూసోవెట్టి, మారేడు ఆకులు ఏసి మట్టి కప్పిండ్రు. "ఆయి ఎన్ని దినాలు కూసోవాలె?" అని అడిగిన. "ఎన్ని దినాలైనా కూసోనీ, ఇగ లేపుడు లేదు" అన్నడు బాపు.

ఆ మాట బాపు అన్నడు. నేను చెవులార ఇన్న.

ఆ ఎండకాలం శావిగె లేదు. ఎండ మాత్రం ఎప్పటికంటె జల్దీ వచ్చి కూసున్నది. చెరువు ఎండి నెర్రెలు వారింది, నెర్రెల చెయ్యి పెడ్తె మోచెయ్యి దాంక పోయేది. రోహిణి పోయింది. మిరుగు వచ్చింది. మిరుగు నాడు బెల్లంల ఇంగువ కలిపి తిని మొగులుకు చూసినం, మొగులు రాగి తలె లెక్క ఉన్నది. కంది ఇత్తనం కుండల పెట్టినట్టే ఉన్నది.

ఊరోళ్లు చేసేటియన్నీ చేసిండ్రు. రోకలికి కప్పను కట్టి, యాప మండలు చుట్టి, పిల్లలం ఇల్లిల్లు తిరిగినం. ఆడోళ్లు బిందెలల్ల అడుగున ఉన్న నీళ్లు కప్ప మీద పోసిండ్రు. రోకలి ఒక కొస నా భుజం మీదనే. కప్ప నీళ్లు తాగింది, మేం తడిసినం, వాన రాలే. బోరంచ నల్లపోచమ్మ కాడికి బండ్లు కట్టుకోని పోయి మొక్కొచ్చిండ్రు. రాలే. ఇగ వరద పాశం వండుదమన్నరు.

వరద పాశమంటె ఇప్పటి పిల్లలకు ఎరుక లేదు. ఇంటింటికి పిడికెడు బియ్యం, బెల్లం ముక్క అడుక్కొచ్చి, ఊరవతల పెద్ద బండ మీద పొయ్యి పెట్టి పాశం వండుతరు. దాన్ని తలెల పెట్టరు, ఉత్త బండ మీదనే కుమ్మరిస్తరు. ఆడ, మొగ, పిల్ల, జెల్ల అందరు మోకాళ్ల మీద వంగి, చేతులు ఎనకకు పెట్టుకోని, పసులు నాకినట్టు నోటితోని నాకాలె. మమ్ముల మనుషులని చూడకు, నోరులేని పసులనుకోని దయ చూడు అని వరద దేవునికి మొక్కుడన్నట్టు.

బండ పెనం లెక్క కాలుతున్నది. మోకాళ్లు సుర్రుమంటున్నయి. గని బెల్లం వాసన, బండ వాసన, వేడి పాశం! పిల్లలం పోటీ పడి నాకుతున్నం, ముక్కులకు పాశం, కనుబొమ్మలకు పాశం, నవ్వుడే నవ్వుడు. పటేల్ పెండ్లాం నా పక్కనే వంగింది. ఆమె మూతి తుడుసుకుంట, "ఎవల పాపమో, ఊరికి తాకింది" అని ఏడ్చింది. నాకు ఆమె ఏడుస్తుంటె పాపమనిపిచ్చింది. ఆమెను ఊకుంచాలని అన్న. నేనే అన్న.

"ఏడ్వకు అత్తా. మా ఆయి తాన మబ్బులున్నయి. నేను చూసిన. పొట్ట మీద ఇంత, ఈపు మీద ఇంత. వానాకాలానికని దాచిపెట్టిన అన్నది."

"మబ్బులేందే పిచ్చిదానా?"

"తెల్లగ ఉన్నయి. పాల లెక్క. మచ్చలు మచ్చలు."

నాకుడు ఆగింది. అమ్మ గోర్లు నా రెట్టల దిగినయి.

"బొల్లి!" అన్నది పటేల్ పెండ్లాం, లేచి నిలవడి. "బొల్లి ఉన్నదాన్ని బొంద వెట్టిండ్రు! ఊరి మీద మన్ను పోసిండ్రు గద!"

తెల్లారి పెద్దమనుషులు మా వాకిట్లకు వచ్చిండ్రు. పటేల్ మంచం మీద కూసున్నడు. శావిగె ఆరేసే మంచం.

"ఏమోయ్, నీ తల్లికి బొల్లి ఉండెనా?"

"ఉంటె?" అన్నడు బాపు.

"ఉంటె అంటవేందిరా? బొల్లి ఉన్నోళ్లను కాలవెట్టాలె. బొంద వెడ్తె ఆ నేల మైల. ఆ నేలను మొగులు ముట్టది."

"నా తల్లి డెబ్బై ఏండ్లు బతికింది పటేలా. ఆ డెబ్బై ఏండ్లు గూడ ఆమె ఈ నేల మీదనే నడిచింది. అప్పుడు వాన పడ్డది గదా? నడుస్తుంటె పడ్డ వాన కూసుంటె పడదా?"

మా బాపు రెండో తరగతి గూడ సదువలే. గా మాటకు జవాబు ఆ దినం ఎవ్వల తాన లేకుండె. ఈ దినం దుకాణం కాడ ఫోన్ పట్టుకున్నోళ్ల తాన గూడ లేదు. జవాబు లేనప్పుడు పెద్దమనిషి ఏం చేస్తడు? లేచి నిలవడ్తడు.

"నాకు న్యాయం చెప్పకు. తీసి కాలవెడ్తవా లేదా?"

"మా దాంట్ల కాలవెట్టుడు లేదు."

"అట్లనా? అయితె మీ దాంట్లనే నీళ్లు చేదుకోండ్రి. ఊరి బాయి గచ్చు మీద మీ బిందె కనవడొద్దు."

ఎండకాలం కడుపుల, వాన లేని యేళ, నీళ్లు బంద్ చేసిండ్రు. మీ ఇంట్ల నల్ల తిప్పుతె వస్తయి, మీకు తెల్వది. అమ్మ చీకటితో లేచి కోసెడు దూరం వాగుకు పోయేది. ఉసికెల చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతోని తోడి, ఒక్క బిందె నింపెటాలకు ఎండెక్కేది. ఆ బిందెల్నే ఎడ్లు, ఆ బిందెల్నే మేము. నా ఎంట రోకలి మోసిన పిల్ల నన్ను చూసి అవతలి మొఖం చేసుకున్నది. దుకాణం ఆయన ఉప్పు లేదన్నడు. ఉప్పు బస్తా మీదనే కూసోని లేదన్నడు.

ఐదో దినం మా తమ్మునికి కాక వచ్చింది. చంటోడు. ఒళ్లు పెనం లెక్క. తడిగుడ్డ ఎయ్యాలంటె గుడ్డ తడుపుటానికి నీళ్లు లేవు. అమ్మ ఉమ్ము తడితోని వాని పెదవులు తుడిచింది. నేను ఉల్లిగడ్డ తెచ్చి వాని గుప్పిట్ల పెట్టిన. నాకు ఎరుకైన మందు అదొక్కటే. అమ్మ నన్ను ఒక్క మాట తిట్టలే. బాపు తిట్టలే. తిట్టితె బాగుండు. ఊకె నా దిక్కు చూసి చూపు తిప్పుకునేటోళ్లు. నా నోటితోనే గదా ఇదంతా అయింది. ఎవ్వలికి చెప్పకు అని ఆయి చెప్పింది గదా.

ఆ మర్నాడు మా మేనమామ కంగ్టి దిక్కు నుంచి సైకిల్ మీద వచ్చిండు. వెనక రెండు బుడ్లల్ల నీళ్లు కట్టుకోని వచ్చిండు. తమ్మునికి తాగిచ్చినంక, ఆయన, బాపు, అమ్మ ఎడ్ల కొట్టంల తలుపు పెట్టుకోని మాట్లాడిండ్రు. నన్ను రానియ్యలే. బయటికొచ్చి బాపు సీదా పటేల్ ఇంటికి పోయిండు.

"తీస్త పటేలా. గని నా తల్లిని నేనే తీస్త. చుట్టూ గోనెలు కట్టుకుంట. ఒక్కడు గూడ దగ్గరికి రావొద్దు. కట్టెలు నా బండిల నేనే తెచ్చుకుంట."

"మాకేం అక్కర పడ్డదిరా దగ్గరికి రానీకి? మైల ఎవలికి కావాలె?" అన్నడట పటేల్.

మూడు దినాలు మామనే సైకిల్ మీద నీళ్లు మోసిండు. నాలుగో దినం పగటీలి, మిట్ట ఎండల ఊరంతా మా చెలకకు ఈవలి గట్టున నిలవడ్డది. జాతర చూసినట్టు. గొంగడి కప్పుకున్నోళ్లు, గొడుగు పట్టుకున్నోళ్లు. మా బండి నిండ కట్టెలు. రేగు చెట్టు కాడ నాలుగు గుంజలు పాతి గోనెలు కట్టిండ్రు. లోపట బాపు, మామ. గడ్డపార సప్పుడు ఇనవడ్తున్నది. ఇంతల కంపు లేచింది. ఎసొంటి కంపు అంటె, అంతమంది ఒక్క దెబ్బకు ముక్కులకు కొంగులు, రుమాళ్లు. ముందలున్నోళ్లు ఎనకకు జరిగిండ్రు. పటేల్ రెండు చేతులెత్తి దండం పెట్టిండు ఆ కంపుకు. అమ్మ రొమ్ము కొట్టుకోని ఏడ్చింది.

గోనె పక్కకు జరిగింది. బాపు, మామ ఒక మూట తెచ్చిండ్రు. ఆయి ఆకుపచ్చ ఇల్కల్ చీర, ఎర్ర కొంగుది, ఊరందరికి ఎరుకైన చీర, దాన్ల చుట్టిన మూట. కట్టెల మీద పెట్టిండ్రు. నిప్పు పెట్టిండ్రు.

నేను ఉరికిన. ఇంటికి ఉరికి, చెవులు మూసుకోని గాదె సందుల కూసున్న. చెవులు మూసుకుంటిని గని ముక్కు మూసుకోలే. గాలి మా ఇంటి దిక్కే ఉన్నది. పొగ వచ్చింది. ఏం వాసనో చెప్పనా? మా పొయ్యి వాసన. పొద్దుగాల రొట్టె కాల్చేటప్పుడు వచ్చే వాసన. ఆయి ఎప్పుడు పొయ్యి కాడనే ఉండేది గదా, అందుకే ఆమె కాలినా పొయ్యి వాసనే వస్తున్నదనుకున్న. గట్ల అనుకోని ఇంకింత ఏడ్చిన.

ఊరోళ్లు ఆ బూడిద పిడికెడు పిడికెడు గుడ్డల కట్టుకోని పోయి వాళ్ల వాళ్ల చెలకలల్ల చల్లుకున్నరు. అదే సాయంత్రం బాయి గచ్చు మీదికి మా బిందెను రానిచ్చిండ్రు. ఎవలో ఒకామె అమ్మకు చేదిచ్చింది గూడ, చుట్టం లెక్క.

తొమ్మిదో దినం వాన పడ్డది.

ఎట్ల పడ్డదనుకున్నరు! పగలే చీకటైంది, ఉరుము ఉరిమితె గోడ మీది చాట కింద పడ్డది. మట్టి వాసన లేచింది. పిల్లలు బట్టల్లేకుండ బరివాతల ఉరికిండ్రు, ముసలోళ్లు నోర్లు తెరుసుకోని వాకిట్ల నిలవడ్డరు. నేను గడప దాటలే. మొదటి వాన వాసన మీరందరు ముక్కు నిండ పీలుస్తరు గదా, అబ్బ అంటరు గదా. నేను ఆ దినంకెళ్లి ముక్కుకు కొంగు పెట్టుకుంట.

పటేల్ తడుసుకుంట మా ఇంటికొచ్చిండు. జొన్నల మూట తెచ్చిండు. బాపు భుజం మీద చెయ్యేసి, "నీ తల్లి ఊరిని బతికిచ్చిందిరా. చూసినవా, నేను చెప్పలేదా?" అన్నడు. బాపు తల వంచుకోని నిలవడ్డడు.

నాకు ఆగలే. బస్సు మీద వచ్చినోళ్లు చెప్పంగ ఇన్న ముచ్చట నా కడుపుల ఉన్నది. "బీదర్ల గూడ పడ్డదట," అన్న. "జహీరాబాద్‌ల గూడ పడ్డదట. ఆడ ఎవ్వలిని తవ్విండ్రు?"

పటేల్ మొఖం మారింది. బాపు నన్ను కొట్టిండు. చెంప మీద. ఆయన నన్ను కొట్టింది గదే మొదలు, గదే ఆఖరు. లోపటికి పో అన్నడు. ఆయన కండ్లల్ల కోపం లేదు, భయమున్నది. అప్పుడు నాకు సమజ్ కాలే.

ఇగ ఆ దినంకెళ్లి నా నోరు పడిపోయింది. బడికి పోతె పిల్లలు "మీ ఆయిని కాలవెడ్తె వాన" అని పాట కట్టిండ్రు. మూడో తరగతి కాడ బడి బంద్. ఆయి మబ్బులు నేను చెప్పబట్టే ఎగిరిపోయినయి అనుకుంట పెరిగిన.

రెండేండ్లకు మల్ల వాన జాడలేదు. పక్క ఊర్ల కూలి చేసుకునే ఆయన పెండ్లాం, చంటిపిల్ల తల్లి, బొల్లి ఉన్నామె, సచ్చి ఆరు నెలలాయె. ఆ ఊరోళ్లు మా ఊరికొచ్చి పటేల్‌ను అడిగిండ్రట. ఎట్ల చేసిండ్రు, ఎన్ని దినాలకు పడ్డది అని. పటేల్ మీసం దువ్వుకుంట చెప్పిండట. ఆమెకు చెలక లేదు. గట్టు లేదు. గోనెలు కట్టే మేనమామ లేడు. అందరు చూస్తుండంగ తవ్విండ్రు. ఆ దినం మా బాపు రొట్టె తుంచి చేతుల పట్టుకోని గట్లనే కూసున్నడు. తినలే. లేచి ఆ రొట్టె ఎడ్లకు పెట్టిండు.

నా పెండ్లయింది. అత్తగారింటికి తోలే ముందటి దినం బాపు నన్ను చెలకకు తీసుకపోయిండు. కంది పూత మీద ఉన్నది, చెలకంతా పచ్చ. రేగు చెట్టు కాడ నిలవడి, ఈబూది తీసి నా చేతుల పెట్టి, "మీ ఆయికి మొక్కు" అన్నడు.

"ఆయి ఏడున్నది బాపూ? బూడిద గూడ పంచుకపోయిండ్రు గదా."

"ఈడనే కూసున్నది," అన్నడు. "మేం ఆమెను ముట్టలే బిడ్డా. బారెడు పక్కకు తవ్వినం."

"మరి మూట?"

"కంది కట్టె. బండిల కట్టెల కింద పెట్టుకోని తెచ్చినం. మీ ఆయి చీర చుట్టినం."

"మరి కంపు?"

"మీ మామ పందికొక్కును కొట్టి, మూడు దినాలు మగ్గవెట్టి సంచిల తెచ్చిండు."

నవ్వొచ్చింది నాకు. పటేల్ పందికొక్కుకు దండం పెట్టిండు! కంది కట్టె బూడిద చల్లుకోని ఊరు పండుగ చేసుకున్నది! మా పొయ్యిల రోజు కాలేది గా కంది కట్టెనే గదా, అందుకే ఆ వాసన. నవ్వి నవ్వి కూసున్న. కూసున్నంక కోపమొచ్చింది.

"తొమ్మిదేండ్లు బాపూ! నా నోటితోనే ఆయిని కాలవెట్టిన అనుకుంట తొమ్మిదేండ్లు తిరిగిన. ఒక్క మాట చెప్పలేకపోయినవా?"

"చెప్తె నీకు ఆగుతుండెనా బిడ్డా? పటేల్ ముందట ఏమన్నవో యాదికి లేదా? గా దినం నీ నోరు ఇంకో మాట అంటె, మల్ల గడ్డపారలు పట్టుకోని వస్తుండ్రి."

"మరి పక్క ఊరి ఆమె? ఆ ఊరోళ్లు అడగనీకి వచ్చినప్పుడు నువ్వు చెప్తె? అది కంది కట్టెరా, వాన దానంతట అది పడ్డదిరా అని చెప్తె?"

బాపు కాలి బొటనయేలితోని మట్టి గీకిండు.

"చెప్తె నా తల్లిని తవ్వుతుండ్రి," అన్నడు.

గా మాట మీద నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. ఆయన ఏం చేస్తడు అని గూడ అనుకుంట. రెండు నా కడుపుల్నే ఉన్నయి, ఒకదాన్ని ఒకటి ఆర్పుతలేవు. మేం మా ఆయిని కాపాడుకున్నం. గని ఆ కంది కట్టె మంట ఊరూరికి సాక్ష్యమైంది. కాలవెడ్తె వాన పడ్తది, కండ్లార చూసినం అని. మా అబద్ధం మీద నిలవడి వాళ్లు ఇంకొక తల్లిని తవ్విండ్రు. ఎవ్వలికి చెప్పనని బాపు నా తాన మాట తీసుకున్నడు. నేను నలభై ఏండ్లు మాట నిలవెట్టుకున్న. మంచి బిడ్డనని అనుకున్న. మంచి బిడ్డ! నిన్న దుకాణం కాడ గా మాట ఇన్నంక నా మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిచ్చింది. మా ఆయిని కాలవెడ్తె వాన పడ్డదని వాడంటుండు, పక్కన నేను చక్కెర సంచి పట్టుకోని నిలవడ్డ. అప్పుడు గూడ నోరు లేవలే.

పొద్దుగాల ఆ బట్టలు కుట్టే పిల్ల ఇంటికి పోయిన. మిషన్ మీద గుడ్డ కప్పి కూసున్నది. ముచ్చట దాని చెవుల దాంక వచ్చింది. "అవ్వా, నిజంగనే తవ్వుతరా?" అని అడిగింది. దాని కండ్లు చూస్తె చెలిమె కాడ చిప్ప పట్టుకోని కూసున్న మా అమ్మ కండ్లే.

బాపుకు ఇచ్చిన మాట పోయినా మంచిదే. బాపు లేడు, అమ్మ లేదు, మామ లేడు. ఆయి మట్టిల మట్టి అయింది, ఇగ ఎవ్వలి గడ్డపారకు దొరకది. రేపు పొద్దుగాల దుకాణం కాడ, నలుగురు నిలవడ్డప్పుడు నేను చెప్త. ఆ దినం కాల్చింది మా ఆయిని కాదురా, కంది కట్టెను. మొక్కింది పందికొక్కుకు. కంది కట్టె కాలిస్తె వాన పడ్డదా? అయితె మా పొయ్యిల రోజు పొద్దుగాల కాలింది గదా, రోజు ఎందుకు పడలే? వానకు పడబుద్ధి అయినప్పుడు పడ్తది. ఆ పిల్ల తల్లి బొంద మీద చెయ్యి పెడ్తె ముందుగాల నన్ను తొక్కి పోవాలె అని చెప్త. నవ్వితె నవ్వనీ. ముసలిదానికి మతి పోయిందంటె అననీ. మీరు నా ఎంట రావాలె. అందుకే మిమ్ముల పిలిచిన, కథ చెప్పనీకి కాదు.

ఇగ లేవుండ్రి, చీకటైతున్నది. మీ ఇంట్ల కుండల నీళ్లు అడుగంటొద్దు. మీ పిల్లలు బట్ట కొసకు ఉల్లిగడ్డ కట్టుకోని పోయి సల్లగ ఇంటికి రావాలె. మీ బాయి గచ్చు మీద ఎవ్వలి బిందెను మీరు ఆపొద్దు, మీ బిందెను ఎవ్వలు ఆపొద్దు. మీ పెద్దలు ఏ మట్టిల కూసున్నరో ఆ మట్టిల్నే, వాన పడ్డా పడకున్నా, ఎవ్వలు లేపకుండ కూసోని ఉండాలె.